మళ్ళీ కొండెక్కుతారా? ఐసీయూ దాటిన మనిషి కోలుకోవడాన్ని ముందే అంచనా వేయడం ఎలా

ఐసీయూ బయట నిలబడ్డవాళ్ళు మొదటి మూడు నాలుగు రోజులు డాక్టర్ని అడిగే మాట ఒకటే, బతుకుతాడా అని. వెంటిలేటర్ పైపు తీసేసి, మనిషి కళ్ళు తెరిచి ఇంట్లోవాళ్ళని పేరు పెట్టి పిలిచాక ఆ ప్రశ్న మారిపోయి మా ఫిజియోల (ఫిజియోథెరపిస్టుల) దగ్గరికొస్తుంది. "మేడమ్, మళ్ళీ లేచి తిరుగుతాడా?" మదనపల్లె నుంచో పుంగనూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో తిరుపతికొచ్చి, ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని పది రోజులు గడిపేసినవాళ్ళు అడుగుతారు ఇలా. మా ఊళ్ళో అదే ప్రశ్నకి ఇంకో రూపం ఉంది: "మళ్ళీ కొండెక్కుతాడా?" మనిషి బతికితే నడిచొస్తామని అప్పటికే మొక్కేసుకుని ఉంటారు చాలామంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్ల దారి.

మానిటర్ మీద కనిపించే బీపీ, పల్స్, ఆక్సిజన్ ఈ గంటలో పరిస్థితి ఏంటో చెబుతాయి, అంతే. మూడు నెలల తర్వాత ఆ మనిషి ఎవరి సాయం లేకుండా బాత్రూముకి వెళ్ళి రాగలడా అన్నది తెలియాలంటే చేతి పట్టు చూడాలి, తొడ కండ చూడాలి, మంచం అంచున ఎంతసేపు కూర్చోగలడో చూడాలి. వీటిని కొలవడానికి చక్కటి పద్ధతులున్నాయి, ఖర్చు దాదాపు ఏమీ లేదు. అయినా చాలాచోట్ల ఎవరూ కొలవరు, కొలిచినా కాగితం మీద రాసివ్వరు. నా బాధంతా అదే.

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. పాకాల దగ్గర పల్లె, 61 ఏళ్ళు, తెల్లారకముందే లేచి రెండు ఆవుల పాలు పిండి, క్యాను మోసుకుంటూ పాలకేంద్రానికి పోయే మనిషి. న్యుమోనియా ముదిరి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) అయ్యి 17 రోజులు ఐసీయూలో ఉంది, అందులో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అక్కర్లేదు, ప్రాణం నిలబెట్టారు, ఆ కృతజ్ఞత మాకు ఎప్పటికీ ఉంటుంది. కానీ డిశ్చార్జి కాగితాలు నాలుగు పేజీలు. క్రియాటినిన్ ఎంత, ప్లేట్‌లెట్లు ఎన్ని, ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులిచ్చారు, అన్నీ రాశారు గానీ ఈమె లేచి నిలబడగలదా లేదా అన్న ఒక్క ముక్క లేదు. ఆ వారం నేను ఊళ్ళో లేను. బాగైంది తీసుకుపోండి అంటే మా అన్న కారు మాట్లాడుకుని తీసుకుపోయాడు. ఇంటి ముందు కారు దిగుతూ కాళ్ళు కింద పెట్టిందో లేదో మోకాళ్ళు మడుచుకుపోయి, వాళ్ళు పట్టుకునేలోపే వాకిట్లో కూలబడింది. ఇంట్లో ఉన్నది మోకాలెత్తు కూడా లేని నులకమంచం. బాత్రూము పెరట్లో, మూడు మెట్లు దిగి వెళ్ళాలి, అదీ గొంతుక్కూర్చునే రకం. "కాళ్ళు నావి కానట్టుండాయి పాపా" అని ఫోన్లో ఏడ్చింది. పక్కింటివాళ్ళేమో పక్షవాతం అన్నారు, ఇంకొకాయన ఎముక జారిందేమో పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టిద్దామన్నాడు.

ఎముకకి ఏమీ కాలేదు, పోయింది కండ. ఐసీయూలో కండ ఎంత తొందరగా కరిగిపోతుందో చూడనివాళ్ళు నమ్మరు. 2013లో ఇంగ్లండ్‌లో 63 మంది రోగులకి తొడ ముందు కండని అల్ట్రాసౌండుతో రోజుల తరబడి కొలిచారు. పదో రోజుకి ఆ కండ అడ్డుకోత విస్తీర్ణం సగటున 17.7 శాతం తగ్గిపోయింది. ఒక్క అవయవం దెబ్బతిన్నవాళ్ళలో నష్టం తక్కువ, రెండు మూడు అవయవాలు ఒకేసారి మొరాయించినవాళ్ళలో చాలా ఎక్కువ. పడుకుని ఉండటం ఒక్కటే దీనికి కారణమనుకోకండి. సెప్సిస్ లాంటి జబ్బులో ఒళ్ళంతా వాపు రసాయనాలు పొంగి, శరీరం తన కండనే తాను విరగ్గొట్టుకుని వాడేసుకుంటుంది, కొత్త కండ కట్టే పని ఆగిపోతుంది. దాంతోపాటు కండకి ఆజ్ఞలు తీసుకెళ్ళే నరాలు కూడా దెబ్బతినవచ్చు. కెనడా డాక్టర్లు 1984లోనే దీన్ని గుర్తించి రాశారు. ఊపిరి లాగే డయాఫ్రమ్ కండ పరిస్థితీ ఇదే. వెంటిలేటర్ మొత్తం పని తానే చేస్తూ 18 నుంచి 69 గంటలు నడిస్తే చాలు, ఆ కండ పోగులు సన్నబడిపోతాయని అమెరికాలో 2008లో చూపించారు. అంటే మూడు రోజులు కూడా కాలేదన్నమాట.

ఇంట్లోవాళ్ళు ఒక తేడా తెలుసుకోవాలి. ఐసీయూ వల్ల వచ్చే నీరసం రెండు వైపులా ఇంచుమించు సమానంగా ఉంటుంది, భుజాలు, తొడలు బాగా దెబ్బతింటాయి, ముఖం మాత్రం మామూలుగానే ఉంటుంది. ఒక్క వైపే చెయ్యీ కాలూ పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది వేరే సంగతి, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక కొలవడం ఎలాగో చూద్దాం. మొట్టమొదట మనిషి మేల్కొని మన మాట వింటున్నాడా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే మత్తులో ఉన్న మనిషి చెయ్యి ఎత్తకపోతే అది బలహీనతో, మాట అర్థం కాకపోవడమో తెలియదు. అందుకే చిన్న చిన్న పనులు ఐదు చెబుతాం: కళ్ళు తెరిచి మూయండి, నా వైపు చూడండి, నోరు తెరిచి నాలుక చాపండి, తల ఊపండి, నేను ఐదు లెక్కపెట్టాక కనుబొమలు పైకెత్తండి. ఇవి చేస్తేనే ముందుకెళ్ళాలి.

ఆ తర్వాత కండబలం. దీనికి వాడేది ఎమ్మార్సీ స్కోరు. రెండు వైపులా ఆరేసి కదలికలు: భుజం పక్కకెత్తడం, మోచెయ్యి మడవడం, మణికట్టు పైకెత్తడం, తుంటి దగ్గర తొడ ఎత్తడం, మోకాలు చాపడం, పాదం పైకి లాగడం. ఒక్కోదానికి సున్నా నుంచి 5 మార్కులు. ఏమీ కదలకపోతే సున్నా, కండ చిన్నగా అదిరితే 1, పరుపు మీద జరపగలిగి పైకి ఎత్తలేకపోతే 2, ఆ చేతినో కాలినో దాని బరువుతో పైకి ఎత్తగలిగితే 3, మనం కొద్దిగా అడ్డం పెట్టినా ఎత్తితే 4, పూర్తి బలం ఉంటే 5. మొత్తం 60. 48 కన్నా తక్కువ వస్తే ఐసీయూ బలహీనత ఉన్నట్టే లెక్క, 36 కన్నా తక్కువైతే తీవ్రమైనది. చేతి పట్టు కొలిచే డైనమోమీటర్ అనే చిన్న పరికరం కూడా ఉంది. దాన్ని గట్టిగా పిసికితే కిలోల్లో చూపిస్తుంది. మగవాళ్ళకి 11 కిలోలు, ఆడవాళ్ళకి 7 కిలోలు కూడా రాకపోతే అనుమానించాలి. రెండు నిమిషాల పని.

అయితే బలం వేరు, పని వేరు. చెయ్యీ కాలూ విడివిడిగా ఎత్తగలిగిన మనిషి మంచం మీంచి లేవలేకపోవచ్చు. లేవడానికి తూకం కావాలి, ఊపిరి కావాలి, ధైర్యం కావాలి, కళ్ళు తిరగకుండా బీపీ నిలబడాలి. అందుకే పనిని నేరుగా చూసే కొలతలు వచ్చాయి. వీటిలో అన్నిటికంటే సులువైనది ఆస్ట్రేలియావాళ్ళు 2014లో తెచ్చిన ఐసీయూ మొబిలిటీ స్కేలు, సున్నా నుంచి 10 వరకు. మంచంలో పడుకునే ఉంటే సున్నా, మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంటే 3, నిలబడితే 4, ఉన్నచోటే అడుగులేస్తే 6, ఒకరి సాయంతో నడిస్తే 8, కర్ర కూడా లేకుండా తనంతట నడిస్తే 10. నర్సు అయినా పది సెకన్లలో రాసేయొచ్చు. మెల్‌బోర్న్‌లో తయారైన పీఫిట్ పరీక్ష ఇంకొంచెం లోతుగా వెళుతుంది: లేవడానికి ఎంతమంది సాయం కావాలి, నిలబడి నిమిషానికి ఎన్ని అడుగులు వేయగలడు, భుజం బలమెంత, మోకాలి బలమెంత. నాకు మాత్రం లండన్ చెల్సీ ఆసుపత్రివాళ్ళ సీపాక్స్ అంటే ఎక్కువ ఇష్టం. పది అంశాలు, ఒక్కోటి 5 మార్కులు, మొత్తం 50. అందులో ఊపిరి, దగ్గు కూడా ఉన్నాయి, ఇష్టం దానికే. గట్టిగా దగ్గి కఫం బయటికి తేలేని మనిషి నాలుగడుగులు నడిచినా ఎక్కువ మార్కులు వేయకూడదు, మళ్ళీ న్యుమోనియాతో వెనక్కొచ్చే ప్రమాదం అక్కడే ఉంటుంది.

సరే, ఈ మార్కులు రేపటి గురించి ఏమైనా చెబుతాయా? చెబుతాయి. బెల్జియం పరిశోధకులు 2014లో ఇచ్చిన లెక్క ప్రకారం, మిగతా అన్ని విషయాల్లో ఒకేలా ఉన్న రోగుల్ని జతలుగా పోల్చినప్పుడు, ఈ బలహీనత ఉన్నవాళ్ళలో ఏడాదిలోపు మరణాలు 30.6 శాతం, లేనివాళ్ళలో 17.2 శాతం. పీఫిట్ మొదటి స్కోరు బాగున్నవాళ్ళు నేరుగా ఇంటికి వెళ్ళే అవకాశం ఎక్కువ, ఆసుపత్రిలో ఉండే రోజులు తక్కువ. ఐసీయూ వదిలే రోజు సీపాక్స్ ఎక్కువున్నవాళ్ళకి ఆ తర్వాత అవసరమయ్యే సాయం కూడా తగ్గుతుంది. ఇన్ని దేశాల్లో, ఇన్ని రకాల కొలతల్లో ఒకే దిశ కనిపిస్తోంది కాబట్టి దీన్ని కాకతాళీయం అనుకోలేం.

కానీ ఒక్క అంకె పట్టుకుని జోస్యం చెప్పేవాళ్ళని నమ్మకండి, అది నాలాంటి ఫిజియో అయినా సరే. ప్రతి కొలతకీ ఒక నేలా ఒక పైకప్పూ ఉంటాయి. నడక చూసే పరీక్షలో మంచం దిగలేనివాళ్ళందరికీ సున్నాయే వస్తుంది, వాళ్ళలో ఎవరు మెరుగవుతున్నారో అది చూపించలేదు. మొబిలిటీ స్కేలులో 10 వచ్చిన ఇద్దరిలో ఒకరు రెండు మెట్లెక్కి ఆయాసపడొచ్చు, ఇంకొకరు పొలం పనికి పోవచ్చు. నొప్పి ఉన్న రోజు, రాత్రి నిద్ర లేని రోజు, అయోమయంలో ఉన్న రోజు మార్కులు పడిపోతాయి. అందుకే నాకు మొదటి అంకె కన్నా రెండో అంకె ముఖ్యం, రెండోదాని కన్నా మూడోది ముఖ్యం. సీపాక్స్‌లో వారంలో 20 నుంచి 28కి పోయిన మనిషి మీద నాకు నమ్మకం ఎక్కువ. 30 దగ్గరే రెండు వారాలు ఆగిపోయిన మనిషి విషయంలో టెన్షన్ మొదలవుతుంది, ఏదో దాగి ఉందని వెతుకుతాం.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది: ఐసీయూకి రాకముందు ఆ మనిషి ఎలా ఉండేవాడు? 2005లో కెనడాలో పుట్టిన క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలు దీనికోసమే, ఇప్పుడు దానికి తొమ్మిది మెట్లున్నాయి. చురుగ్గా ఉండే మనిషికి 1, ఇంటి పనులకి, బయటి పనులకి సాయం మొదలైతే 5, స్నానానికి కూడా మనిషి కావాలంటే 6. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, కూతుర్నో కోడల్నో కూర్చోబెట్టి జబ్బుకి రెండు వారాల ముందు ఏమేం చేసుకునేవాళ్ళో అడిగితే చాలు. వయసు, ఐసీయూలో గడిపిన రోజులు కూడా గట్టి సూచికలు. మళ్ళీ కెనడాలోనే 2016లో వచ్చిన అధ్యయనంలో, రెండు వారాలకి లోపు ఉన్న చిన్నవయసువాళ్ళు బాగా కోలుకున్నారు. రెండు వారాలు దాటిన 66 ఏళ్ళ పైబడినవాళ్ళకి ఏడాది తర్వాత కూడా సాయం తప్పలేదు.

ఎంతకాలం పడుతుంది? ఇక్కడ నేను అందరికీ చెప్పే లెక్క టొరంటోది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని బయటపడ్డ 109 మందిని ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో చూస్తూ వెంబడించారు. మూడు నెలలకి 281 మీటర్లు, ఆరు నెలలకి 396, ఏడాదికి 422, ఐదేళ్ళకి 436. వీళ్ళంతా ముసలివాళ్ళు కాదు, సగం మంది 45 ఏళ్ళ లోపువాళ్ళే. ఆ అంకెల నడక చూడండి: మూడు నుంచి ఆరు నెలల మధ్య పెద్ద దూకుడు, ఆ తర్వాత మెల్లగా, ఐదేళ్ళ తర్వాత కూడా వయసుకి ఉండాల్సిన దాంట్లో 76 శాతమే. ఏడాదికి తిరిగి పనిలో చేరినవాళ్ళు సగం మంది. ఐసీయూ నుంచి వచ్చిన నెలకే "ఇంకా మంచం మీదే ఉన్నావేంటి, లేచి తిరుగు" అని తిట్టే బంధువులకి ఈ లెక్క చూపించండి. మనిషి బద్ధకంగా ఉన్నాడనుకోవడం పెద్ద అన్యాయం.

అలాగని తొందరపెట్టి లేపేస్తే కూడా కుదరదు. 2009లో అమెరికాలో 104 మంది మీద చేసిన ప్రయోగంలో తొందరగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్ళలో 59 శాతం, మిగతావాళ్ళలో 35 శాతం ఆసుపత్రి వదిలేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు, అది చూసి మేమంతా సంబరపడ్డాం. 2022లో 750 మందితో జరిగిన పెద్ద ప్రయోగంలో మాత్రం, రోజూ ఎక్కువ నిమిషాలు కదిలించినందువల్ల అదనపు లాభం కనిపించలేదు, పైగా గుండె లయ తప్పడం, బీపీ మారడం, ఆక్సిజన్ పడిపోవడం లాంటివి ఎక్కువయ్యాయి. నేను దీన్నుంచి తీసుకున్నది ఏంటంటే, కొలవడం ఇక్కడ ఇంకా అవసరం. ఈ రోజు ఈ మనిషి ఎంత తట్టుకోగలడో చూసి అంతే చేయించాలి.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. ఈ పరీక్షలన్నీ మెల్‌బోర్న్‌లో, లండన్‌లో పుట్టినవి, కుర్చీలూ ఎత్తు మంచాలూ ఉన్న ఇళ్ళని మనసులో పెట్టుకుని చేసినవి. మన పల్లెల్లో మనిషి నేలమీద కూర్చుని సంగటి తింటాడు, గొంతుక్కూర్చుని బాత్రూముకి వెళతాడు, గడపలు దాటాలి, గొడ్ల చావిట్లో వంగాలి. కుర్చీలోంచి లేవడం కన్నా నేలమీంచి లేవడానికి తొడలకి చాలా ఎక్కువ బలం కావాలి. సీపాక్స్‌లో 40 దాటిన మనిషి కూడా ఇంట్లో గొంతుక్కూర్చుని లేవలేక పడిపోవచ్చు. అందుకే నేను పాత పరీక్షలతోపాటు మూడు ప్రశ్నలు కలుపుకుంటాను: మీ మంచం ఎత్తెంత, బాత్రూము ఏ రకం, ఇంట్లో పగటిపూట ఎవరుంటారు? ఈ మూడింటికి జవాబులు తెలియకుండా ఇంటికి పంపడం తప్పని నా గట్టి అభిప్రాయం.

మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఐసీయూ నుంచి వార్డుకి మారితే, డిశ్చార్జికి రెండు రోజుల ముందే అడగండి. ఎమ్మార్సీ స్కోరెంత, చేతి పట్టెంత, తనంతట లేచి నిలబడతారా లేక ఒకరు పట్టుకోవాలా, మెట్లు ఎక్కించి చూశారా, తిన్నది గొంతు దిగుతోందా, దగ్గు గట్టిగా ఉందా అని. కాగితం మీద రాసిమ్మనండి. ఇంటికెళ్ళాక మీరే చేయగలిగినది కూడా ఒకటుంది: గోడకి ఆనించిన చేతుల్లేని కుర్చీ, చేతులు గుండెకి అడ్డంగా కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడం, ఫోన్లో సెకన్లు చూడటం. 11 సెకన్లలో అయిపోతే చాలా బాగున్నట్టు, 17 దాటితే కాళ్ళలో ఇంకా సత్తువ రావాలి, అసలు చేయలేకపోతే పక్కన మనిషి లేకుండా బాత్రూముకి పంపకండి. చేయించేటప్పుడు పక్కనే నిలబడండి, కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పొచ్చినా, మాట రానంత ఆయాసం వచ్చినా వెంటనే ఆపి డాక్టర్ని అడగండి.

పెద్దమ్మని నేను ఇంట్లో మొదటిసారి చూసినప్పుడు ఎమ్మార్సీ 41, కుడిచేతి పట్టు 6 కిలోలు, కుర్చీలోంచి ఒక్కసారి కూడా లేవలేకపోయింది. జబ్బుకి ముందు క్యాను మోసిన మనిషి కాబట్టి కోలుకుంటుందని నమ్మాను. మూడు నెలలు పగలూ రాత్రీ ఒకరు పక్కనుండాలి, ఈ ఏడాది పాలపని ఆమె మీద పెట్టొద్దు అని అన్నకి చెప్పాను. నులకమంచం కింద నాలుగు ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాం, బాత్రూములో కమోడ్ కుర్చీ వేశాం, గోడకి పట్టుకోవడానికి పైపు బిగించాం. మా వదిన ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి ఆదివారం సెకన్లు రాయడం మొదలుపెట్టింది. మూడు నెలలకి పట్టు 11 కిలోలు, ఐదుసార్లు లేవడానికి 24 సెకన్లు. ఆరు నెలలకి 14 కిలోలు, 16 సెకన్లు.

ఆరు నెలలకి పాలకేంద్రం దాకా తనే నడిచిపోతుందని కూడా నేను లెక్కేశాను, అక్కడ మాత్రం తప్పాను. కాళ్ళు సహకరిస్తున్నా వీధి మలుపు దగ్గర ఆగిపోయేది, పడిపోతానని భయం, రాత్రిళ్ళు వెంటిలేటర్ అలారం మోత కలలోకొచ్చి ఉలిక్కిపడి లేచేది. ఈ భయం, నిద్రలేమి, మతిమరుపు, నీరసం అన్నీ కలిపి ఐసీయూ అనంతర సమస్యలుగా 2012 నుంచి ఒక పేరుతోనే పిలుస్తున్నారు, డైనమోమీటర్‌కి ఇవేవీ అందవు. ఇప్పుడు నేను ఎవరిని చూసినా నిద్ర ఎలా పడుతోంది, ఒంటరిగా ఉంటే భయమేస్తోందా అని ముందే అడుగుతున్నాను, అవసరమైతే సైకియాట్రీకి పంపిస్తున్నాను.

పోయిన నెల పెద్దమ్మ నేలమీద కూర్చుని, ఒక చెయ్యి గోడకి ఆనించి తనంతట లేచింది. నడిచి కొండెక్కే మొక్కు ఇంకా అలాగే ఉంది. మెట్ల సంగతి మళ్ళీ అడిగితే, ముందు ఐదుసార్లు లేవడం 12 సెకన్లకి రానీ, ఆ తర్వాత డాక్టర్ గుండె, ఊపిరి చూసి సరే అంటే అప్పుడు మాట్లాడదామని చెప్పాను. నిన్న ఆదివారం వదిన పంపిన అంకె 14.